ఆకు రాలాకే పూసే చెట్టు

పొద్దున్నుంచీ ముసురు. ఆకుమడిలో నిలిచిన నీళ్ళు తీస్తుండగా ఫోనొచ్చింది. మా చర్చి అయ్యగారు పోయారు. పార గట్టున పడేసి వెళ్ళాను.

అయ్యగారు రోజూ తెల్లవారగానే కాలువగట్టు మీద నడిచేవారు. నా చేను ఆ దారిలోనే, కొంతదూరం నేనూ ఆయన వెంట నడిచేవాణ్ణి. వేసవిలో కాలువ కట్టేసినప్పుడు బీటలు తీసిన అడుగు చూస్తూ తల వంచుకుని నడిచేవారు. ఎర్రటి కొత్తనీరు వచ్చిన రోజు చెప్పులు విడిచి నిలబడేవారు. మలుపులో ఒక బూరుగు చెట్టుండేది. దాని దగ్గర మాత్రం ఆగకుండా ఏనాడూ వెళ్ళలేదు.

ఈస్టరుకు ముందు లెంటు ఉపవాసాల రోజుల్లో దానికి ఒక్క ఆకూ ఉండదు.

"ఏరా, చచ్చిందంటావా?" అన్నారొకసారి.

"ఆకు లేదు కదండి."

"పైకి చూడు. అన్నీ పోయాకేరా అంత ఎర్రగా పూసింది. ఎవరికీ చెప్పకు, ఆదివారం ప్రసంగం ఇదే. ముందే తెలిస్తే ఒక్కడూ రాడు."

ఏసు తిరిగి లేచిన ఈస్టరు నాటికి కాయలు పగిలి దూది గాల్లోకి లేచేది. "అదిగో, సమాధి తెరుచుకుంది," అనేవారు.

కిందటేడు ఆ చెట్టు కొట్టించారు. చర్చి సంఘ పెద్దగారి రొయ్యల చెరువుకి మేతలారీ వెళ్ళాలట.

"దేవుడు చర్చిలో ఉన్నాడు కదండి. చెట్టులో ఏముందండి?" అన్నాడాయన.

అయ్యగారు మొద్దు మీద చెయ్యి వేసి, "ఈస్టరు ఇంకెక్కడ చూపించన్రా నీకు?" అని నన్నడిగారు. మళ్ళీ గట్టెక్కలేదు.

సమాధుల తోటకీ అదే దారి. మేతలారీ అడ్డంగా ఉంది. పెట్టెను గట్టు దింపి మోకాల్లోతు బురదలో మోశాం. గోతి దగ్గర సంఘ పెద్ద కళ్ళు తుడుచుకుంటూ, "ప్రకృతిలో దేవుణ్ణి చూసిన శాంతమూర్తండి," అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "ఆ చెట్టు కొట్టించిందెవరండి?"

"చావు దగ్గర గొడవేంటి బాబూ?" అన్నాడు సంఘ పెద్ద.

"అడగనివ్వండి," అన్నారు అయ్యగారి భార్య. "ఏడాదిగా ఆయన నిద్రపోలేదు."

శాంతమూర్తి అని మీరూ వినే ఉంటారు. నమ్మకండి. కడుపు రగులుతూనే పోయారు.

మట్టి వెయ్యకముందే సంఘ పెద్ద కారెక్కి వెళ్ళాడు. వేశాక జనం వెళ్ళారు. అమ్మగారు దీపాలవేళకి వెళ్ళారు. నేనింకా సమాధి దగ్గరే ఉన్నాను; చీకటి పడ్డాక మేతలారీ వెళ్ళింది.