లేడికన్నుల లెక్క

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. మా అనంతపురం సీమలో తొక్కుదామన్నా అడుసు దొరకదు గనక, నేను పోయి లెక్కలో కాలు పెట్టాను. ఎంత లోతుకు దిగబడ్డానో చెబుతాను, వినండి.

అప్పుడు నేను మడకశిర దగ్గర ఒక హైస్కూల్లో కొత్త లెక్కల మాస్టర్ని. 'ఒక కొళాయి తొట్టిని మూడు గంటల్లో నింపును' అని మొదలుపెడితే చాలు, పిల్లలు కునికిపాట్లు పడేవాళ్లు. ఒకడు మాత్రం లేచి, "సార్, మా కొళాయిలో గాలి వస్తాండాది. గాలితో తొట్టి ఎప్పటికి నిండుతాది?" అని అడిగాడు. జవాబు నాకింకా తెలియదు.

అందుకని పాతకాలపు లెక్కలు వెతికాను. ఆహా, ఏం లెక్కలవి! తేనెటీగలు, నెమళ్లు, విరహాలు! చాలావాటిలో ఎవరో అందగత్తెను పిలిచి మరీ అడుగుతారు. తెగిన హారం లెక్క ఒకటి నాకు తెగ నచ్చింది. ఆ వరసలోనే నేనూ ఒకటి అల్లాను. పిల్లల దగ్గరికి పోయేసరికి అందులో వచ్చే సరసాల పక్కను చాపగా మార్చాలనుకున్నాను గానీ, ముందు అసలు రుచిలోనే ఒకసారి చెప్పి చూసుకోవాలని మనసు పీకింది. మధ్యాహ్నం అందరూ భోజనాలకు పోయాక, ఖాళీ తరగతిలో కళ్లు మూసుకుని, చేతులు చాచి, నాటకంలో కృష్ణుడిలా అందుకున్నాను:

"ఓ లేడికన్నుల చిన్నదానా! సరసంలో నీ ముత్యాలహారం తెగిపోయెనే! మూడోవంతు నేల మీద, నాలుగోవంతు పక్క మీద, ఆరోవంతు నీ కురులలో! దారానికి మిగిలినవి ఆరే! మొత్తం ఎన్నో చెప్పవే!"

కళ్లు తెరిచాను. గుమ్మంలో సైన్సు టీచర్ మాధవి. ఆమె వెనక, కూతురికి క్యారియరు తెచ్చిన వాళ్ల నాయన. వేరుశెనగ రైతు. పొట్టేలు కొమ్ముల్లాంటి మీసం.

"ఏమప్పా, ఎవురి హారం తెగింది?"

"ముత్యాలది పెద్దాయనా... పక్క మీద నాలుగోవంతు..." చూశారా నా నోరు! ఆగమంటే ఆగదు.

"పక్క మీదనా! ఎన్నాళ్లనించి జరుగుతాండాది ఇది?"

"వందల ఏండ్లనుంచి పెద్దాయనా!"

క్యారియరు బల్ల మీద దభీమని పడింది. ఆ చప్పుడుకు కిటికీల నిండా పిల్లల తలలు. నా ఉద్యోగం పోతే పోయింది, నా మూలంగా ఆ అమ్మాయి నలుగురి నోళ్లలో పడుతుందే అని కిటికీ తలుపులు మూయబోయాను.

మాధవి మాత్రం సుద్దముక్క తీసుకుంది. "కూచో నాయనా. అది లెక్క." బోర్డు మీద మూడు భిన్నాలూ కలిపింది. ముప్పావు వంతు రాలిపోయింది. మిగిలిన పావు ఆరు. "మొత్తం ఇరవై నాలుగు ముత్యాలు. అంతేనా సార్?"

తల ఊపాను.

ఆయన బోర్డు మీది అంకెల్ని వేళ్ల మీద కూడి చూసుకున్నాడు. "లెక్క సరే. ఆ చిన్నది ఎవురు?"

దానికి బోర్డు మీద జవాబు లేదు. మాధవి తల వంచుకుని సుద్దపెట్టె మూత వేస్తోంది. నవ్వు ఆపుకుంటే ఆమె చెవులు ఎర్రబడతాయని అప్పుడే మొదటిసారి గమనించాను. ఇంతలో కిటికీలోంచి మా నిద్రవీరులు ఒక్క గొంతుతో అరిచారు: "సార్, ఇంకో లెక్క చెప్పండి సార్!"

మర్నాడు గేటు దగ్గర ఆయన నన్ను ఆపాడు. "మీ నాయన ఫోను నంబరు ఇయ్యి."

"ఫిర్యాదు చేస్తారా పెద్దాయనా?"

"కాదప్పా. సంబంధం మాట్లాడల్ల."

"మరి నిన్న మీకు కోపం..."

"కోపం ఇంకా ఉండాది. మా పాప అడగమనింది, అడుగుతాండా."

కాబట్టి, పాఠక మహాశయులారా, సుద్దముక్క చేతబట్టి ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఈ జన్మలో మళ్లీ కళ్లు మూసుకుని లెక్క చెప్పను. ఒక్కసారి చెప్పినందుకే పెళ్లయిపోయింది, ఇద్దరు పిల్లలు కూడానూ!