యాకూబ్ అన్న 'ఆఁ'

1964లో ఒగ్గుకథను ఫిలిం తీయడానికి హైదరాబాదు వాళ్లు మంథని వచ్చారు. శబ్దం పని మైకులు అద్దెకిచ్చే యాకూబ్‌కు అప్పగించారు. కథకుడి మాట శుభ్రంగా పడాలని, మాటమాటకూ 'ఆఁ' అంటూ వంత పాడే ఓదెలును యాకూబ్ నోరు మెదపొద్దన్నాడు.

కథకుడు బీరయ్య రెండు మాటలు చెప్పి ఆగిపోయాడు. "వాడు ఆఁ అనకుంటె కథ ఎవలికి చెప్పాలె భాయ్?"

యాకూబ్ సిగ్గుపడి ఓదెలు ముందు కూడా మైకు పెట్టాడు. కథ జోరందుకుంది.

మూడేళ్లకు ఓదెలు చనిపోయాడు. దినాలు కాగానే బీరయ్య యాకూబ్ దుకాణానికి వచ్చాడు.

"వాని గొంతు పట్టినవు గదా. ఒక్కసారి ఆఁ అనిపియ్యి."

"టేపు హైదరాబాదోళ్లే తీస్కపోయిండ్రు బీరన్నా."

బీరయ్య స్టూలు మీద కూలబడి, అలవాటుగా కథ ఎత్తుకున్నాడు. రెండు మాటలకే ఆగాడు.

"ఆఁ" అన్నాడు యాకూబ్.