మొలకల గిన్నె మూత తీసిందెవరు?

ఆమె అసలు పేరు బున్‌నే. ఆ పేరుతో పిలిచేవాళ్ళు మా ఊళ్ళో ఒక్కరూ లేరు. సొంజిన్ ఏటి దిగువన, అవతలి గట్టునున్న హదొంగ్ నుంచి కోడలిగా వచ్చింది గనక, పల్లకీ దిగిన నాటి నుంచీ ఆమె హదొంగామె. తల ముగ్గుబుట్టయినా పిలుపు మాత్రం కొత్తకోడలిదే.

ఏటికి అవతలివాళ్ళ నాలుక్కి ఉప్పు తప్ప ఇంకో రుచి తెలియదని ఇవతలి గట్టున మా జొల్లా వాళ్ళకు గట్టి నమ్మకం. వచ్చిన మొదటి రోజే ఆ మాట ఆమె చెవిన పడింది. మరొకతె అయితే మూల కూర్చుని ఏడ్చేది. హదొంగామె కొంగు బిగించింది. సోయా గింజల ముద్ద ఊరబెట్టిన ఏ ఏడూ ఆమె జాడీలో పురుగు పట్టలేదు. ఆమె కలిపిన కిమ్చీ పచ్చడి కోసం కొండమీది మఠంలో భిక్షుణులు కబురు పంపేవాళ్ళు. ఇవి ఊరందరికీ తెలుసు. తెలియకపోయినా ఆమె తెలియనిచ్చేది.

"వరదొచ్చి ఊరంతా కొండెక్కి కూర్చున్నప్పుడు, తడిసిన ముల్లంగాకుతో అందరి అన్నంలోకీ నంజుకోను అమర్చిందెవరు?"

"నువ్వేనమ్మా, నువ్వే," అనేవాళ్ళు ఆడవాళ్ళు, మిరపకాయల తొడిమలు తుంచుతూ తలెత్తకుండానే.

ఇన్ని చేసినా ఒకటి మాత్రం ఆమె చేతికి రాలేదు. అది ఊరి చావడి గరిటె.

చలికాలం పొలం పని ఉండదు. ఊరి ముసలివాళ్ళంతా చావడిలో వెచ్చటి నేలమీద చేరి మధ్యాహ్నం కలిసే తింటారు. ఆ వంటింటి పెత్తనం నమ్‌వొన్ పెద్దమ్మది. ఈ ఏడు ఆవిడ మోకాళ్ళు మొరాయించాయి. గరిటె ఎవరికిస్తావని అడిగితే ఆవిడ ఒకే మాట అంది.

"మాంసం, పులుసు ఎవరైనా చేస్తారు. చేతి రుచి తెలిసేది నంజుకునేదానిలోనే. రేపు హదొంగామె సోయా మొలకలు చేసి తేనీ, చూద్దాం."

"పెద్దమ్మా, మొలకలా? కళ్ళకు గంత కట్టుకుని చేస్తాను," అంది హదొంగామె.

పక్కనున్న గోక్‌సొంగ్ వదిన మూతి తిప్పింది. "గంత కడితే ఉప్పు డబ్బా కనబడదు వదినా. అదొక్కటే బాగుపడుతుంది."

మర్నాడు పొద్దున్నే హదొంగామె ఇంట్లో నల్లగుడ్డ కప్పి పెంచిన మొలకలన్నీ ఏరి, తోకలు తుంచి, గిన్నెలో పోసి, మూత పెట్టి పొయ్యి వెలిగించింది. ఈ మొలకల సంగతి ఊళ్ళో పసిపిల్లకి కూడా తెలుసు. మూత పెట్టావా, ఉడికేదాకా తియ్యకూడదు. తీసి ఉంచావా, చివరిదాకా పెట్టకూడదు. మధ్యలో మనసు మార్చుకుంటే పచ్చివాసన పట్టుకుంటుంది, మరి దేవుడు దిగివచ్చినా వదలదు.

ఉల్లికాడలు కోసుకొద్దామని ఆమె పెరట్లోకి వెళుతూ మొగుణ్ణి కేకేసింది.

"ఏమయ్యా! గడప దగ్గర నిలబడి గిన్నె చూస్తూండు. చెయ్యి పెట్టకు. పొంగితే నన్ను పిలువు."

పన్‌సొక్ తాత నిలబడ్డాడు. మగాడు వంటింట్లో అడుగుపెడితే మిరపకాయ రాలిపోతుందని ఆయన తల్లి చిన్నప్పుడే చెప్పింది. ఏ మిరపకాయో విడమర్చి చెప్పక్కర్లేదు. అందుకని ఆయన పుట్టాక ఆ గడప దాటలేదు. అయితే ఆ పూట మూత గలగలా ఆడింది, అంచున నురగ పొంగింది. పిలిచాడు. పెరట్లో ఆమెకి వినబడలేదు. మంట ఆరిపోతుందన్న కంగారులో ఒక్క అంగలో లోపలికి దూకి, మూత ఎత్తి, ఊది, మళ్ళీ పెట్టేశాడు.

ఆమె గుమ్మంలోకి వస్తూనే ఆగిపోయింది. ముక్కుపుటాలు అదిరాయి.

"మూత తీశావు."

"లేదే..."

"ముసలాడా! ఏటి అవతలిదాకా కొడుతోంది వాసన!"

"పొంగుతుంటే ఏం చెయ్యమంటావే? గిన్నె నన్నే భయపెట్టింది." ఆయన గొంతు తగ్గించాడు. "నీకు పుణ్యముంటుంది, నేను లోపలికెళ్ళానని చావడిలో అనకు. ఆ మగాళ్ళు నన్ను చచ్చేదాకా వదలరు."

ఇంట్లో మరి మొలకలు లేవు. ఆమె గునపం పట్టుకుని పెరట్లో గడ్డి కింద పూడ్చిన గోతిలోంచి ఒక ముల్లంగి పెరికింది. సన్నగా తరిగి, నువ్వుల నూనెలో వెల్లుల్లితో కదిపి, దాని నీళ్ళతోనే దాన్ని మగ్గించి, ఉప్పు రొయ్యల రసం రెండు చుక్కలు వేసింది. గిన్నె చంకన పెట్టుకుని చావడికి నడిచింది. ఆయన వెనకాలే వెళ్ళి మగాళ్ళ గదిలో దూరాడు.

నమ్‌వొన్ పెద్దమ్మ మూత తీసి చూసింది. "ఇది ముల్లంగి. మొలకలేవీ?"

చావడి అంతా చెవులు రిక్కించింది. ఒక్కమాట అంటే చాలు, నింద మొగుడి మీదికి పోతుంది, గరిటె తన చేతికొస్తుంది. హదొంగామె గిన్నె పెద్దమ్మ ముందుకు జరిపింది.

"మధ్యలో మూత తీశాను పెద్దమ్మా."

"ఎవరూ, నువ్వా?" గోక్‌సొంగ్ వదిన తొడ చరిచింది. "వరదలో ఊరిని బతికించిన చెయ్యేనా ఇది! పెద్దమ్మా, గరిటె నా చేతికియ్యి. నాకు మూతంటే భయముంది."

నవ్వులు. హదొంగామె ఎదురు చెప్పలేదు. గోడవతల ఇదంతా విన్న పన్‌సొక్ తాతకి గదిలో కూర్చోబుద్ధి కాలేదు. పెళ్ళాం నోరు మూసుకోవడం ఆయన ఎన్నడూ ఎరగడు. ఆయనకి వరదకన్నా దానికే ఎక్కువ భయమేసింది. తలుపు తోసుకుని ఆడవాళ్ళ మధ్యకొచ్చి నిలబడ్డాడు.

"మూత తీసింది ఆవిడ కాదు, నేను!"

"నువ్వు వంటింట్లోకి వెళ్ళావా?" అంది పెద్దమ్మ.

"వెళ్ళాను."

వెనక గదిలోంచి ఎవరో అరిచారు. "బావా, ఉందా, రాలిందా?"

"నీదెప్పుడో రాలిందిగా, దేంతో పోల్చి చూసుకోను?" అన్నాడాయన. మగాళ్ళు, ఆడవాళ్ళు కలిసి నేలమీద పడి దొర్లారు.

నవ్వులు తగ్గాక పెద్దమ్మ ముల్లంగి రుచి చూసింది. మరోసారి తీసుకుంది. చంకలో పొదువుకున్న గరిటె తీసి హదొంగామె ఒళ్ళో పడేసింది.

"ఉప్పు సరిపోయింది. అంతకన్నా, నేనిన్నేళ్ళు కాపురం చేసి నా మొగుణ్ణి గడప దాటించలేకపోయాను. నువ్వు దాటించావు."

"ఎడంకాలితో దాటాడు పెద్దమ్మా, అందుకే మొలకలు పాడయ్యాయి," అంది హదొంగామె. నోరు తిరిగొచ్చేసింది.

మర్నాటి నుంచి ఆమె గొప్పల్లో వరద రెండోది. మొదటిది, "పన్‌సొక్‌ని వంటింట్లోకి దింపిందెవరు?" చావడిలో అంట్లు తోముతూ ఆయనే బదులు చెబుతాడు, "నువ్వేనమ్మా, నువ్వే." అయితే మొలకలు వండే రోజున మాత్రం ఆమె ఎవరినీ నమ్మదు. కిమ్చీ జాడీలో అణిచే రాయి తెచ్చి మూతమీద పెట్టి, అప్పుడు వెళుతుంది ఉల్లికాడలకి.