వీరన్న బావ ముడి

గిలకలదిండి హార్బరులో చేపల వేలం ముగిసి జనం వెళ్లిపోయాక, ఒక ముసలాయన పాత వల ముందు ఒంటరిగా కూర్చుని కనిపించాడు. వల బాగుచేయడం లేదు, ఉన్న ముడులు విప్పుతున్నాడు. ఎందుకని అడిగాను.

"ఇది మా వీరన్న బావ ముడండి. ఎంత బరువు పడ్డా జారదు. మొన్న వేసవిలో పోయాడు. ఇంకెవరికీ రాదిది. విప్పి చూస్తే తెలుస్తుందేమోనని."

ముప్పై ఏళ్లు వీరన్న వలలు బాగుచేస్తుంటే ఈయన పక్కన కూర్చుని దారం అందించాడట. పనిలో ఎవరైనా పలకరిస్తే వీరన్న ఆ రోజు వేసిన ముడులన్నీ కోసేసి మళ్లీ మొదలుపెట్టేవాడట. ఎవరి వలలోనైనా ముడి నచ్చకపోతే అడక్కుండా విప్పేసేవాడట. వాళ్లు తగువుకొస్తే సర్దిచెప్పడం ఈయన వంతు.

"మీకు నేర్పలేదా?"

"నేర్పబోయాడండీ. 'నీవి చేతులు కావురా, పీత కాళ్లు' అన్నాడు. నవ్వి ఊరుకున్నా. బావ ఉన్నాడు కదా, నాకెందుకులే అనుకున్నా."

వీరన్న ఆఖరిగా బాగుచేసిన చిరుగులో రెండే ముడులు మిగిలాయి. "నేను విప్పుతుంటే దారం ఎటు తిరుగుతుందో చూసి చెప్పండి" అన్నాడు. కళ్లజోడు సర్దుకుని వంగాను. ఆయన దారం కొస లాగాడు. ముడి ఒక్కసారిగా విడిపోయింది. చూసి రాయడమే వృత్తిగా బతికిన నాకు ఏమీ కనిపించలేదు.

ఆయన చివరి ముడి మీద బొటనవేలు ఆనించాడు. తర్వాత దాని చుట్టూ బెత్తెడు వల కోసి, జేబులో పెట్టుకుని లేచాడు.

"ఇది ఉండనివ్వండి" అన్నాడు.