నొక్కినా పలకని తెర

ఎనభైల చివర్లో రెండేళ్లపాటు రోజూ ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు బస్సులో పోయి వచ్చేదాన్ని. అక్కడ ఒక చేనేత సంఘంవాళ్లు కంప్యూటరు కొన్నారు. హైదరాబాదులో కోర్సు చదివి వచ్చినదాన్నని, చీర అంచుల డిజైన్లు తెర మీద గీసే ప్రోగ్రాం రాసే పని నాకిచ్చారు. దాన్ని వాడాల్సింది మాత్రం ఒక పెద్దాయన. గళ్ల కాగితం మీద డిజైన్లు గీయడంలో ఆ చుట్టుపక్కల ఆయన్ను మించినవాళ్లు లేరు. నేను మామా అని పిలిచేదాన్ని.

ఆయనకు మూడే కీలు నేర్పాను. ఎఫ్-2 నొక్కితే గీసిన బొమ్మ అంచు పొడవునా పరుచుకుంటుంది. ఎఫ్-3తో రంగు మారుతుంది. ఎఫ్-4 తెరంతా తుడిచేస్తుంది.

మొదటిరోజు పొద్దున్నుంచి మధ్యాహ్నందాకా చుక్క చుక్కగా ఒక నెమలిని గీసి, ఎఫ్-2 నొక్కాడు. తెర కదల్లేదు.

"పలకల్యా కదమ్మా," అని మళ్లీ నొక్కాడు. మళ్లీ మళ్లీ నొక్కాడు. ఎఫ్-3 నొక్కి చూశాడు. చివరికి ఎఫ్-4 కూడా. కంప్యూటరు కీచుమంది. ఇద్దరం వెనక్కి జరిగాం. కాసేపటికి తెర తనంతట తానే కదలడం మొదలుపెట్టింది. నెమళ్లు పరుచుకున్నాయి, వాటి మీదే మళ్లీ పరుచుకున్నాయి, ఎర్రబడ్డాయి. ఆ తర్వాత తెర నల్లగా అయిపోయింది.

"నేనేమన్నా సెడగొట్టినానా?"

"లేదు మామా, మిషన్‌లోనే ఏదో ఉంది," అన్నాను. ఏముందో నాకూ తెలియదు.

కరెంటు సరిగా లేదనుకుని స్టెబిలైజరు పెట్టించాను. మగ్గాల దుమ్ము పడిందేమోనని కీబోర్డు విప్పి తుడిచాను. విచిత్రమేమంటే, నేను నొక్కితే అన్నీ సరిగ్గా వచ్చేవి. ఆయన కూర్చుంటేనే తెర బిగుసుకుపోయేది. ఆయన వేళ్లను అనుమానించే దాకా పోయాను.

ఏం చేయాలో తోచక, ఒకరోజు ఆయన వెనక కూర్చుని, ఆయన నొక్కిన ప్రతి కీనీ వరసగా కాగితం మీద రాసుకున్నాను. తెర తేరుకున్నాక జరిగినవన్నీ ఆ కాగితంలో ఉన్న వరసలోనే జరిగాయి. కీ నొక్కగానే గీసే పని మొత్తం అక్కడే చేసేయమని రాసింది నేనే. అది ముగిసేదాకా ప్రోగ్రాం ఇంకే కీ వైపూ చూడదు. ఈలోగా నొక్కినవి లోపల వరసకట్టి నిలబడతాయి, ఇక చోటు లేకపోతే మిషన్ కీచుమంటుంది. ఆలస్యమవుతుందని తెలుసు కాబట్టి నేను ఒక్కసారి నొక్కి చేతులు కట్టుకుని కూర్చునేదాన్ని. ఆయనకు ఆ సంగతి ఎవరు చెప్పారు?

మార్చి రాశాను. కీ నొక్కగానే ప్రోగ్రాం ఏం కావాలన్నారో గుర్తుపెట్టుకుంటుంది, అంతే. బొమ్మ ఒక్కో వరసే గీయాలి, వరస వరసకీ కీబోర్డు వైపు చూడాలి. తెర వెంటనే పలికింది. కానీ ఆయన సగంలో రంగు మార్చేసరికి అంచు సగం పచ్చగా, సగం ఎర్రగా తయారైంది.

"ఇట్లాంటి సీర ఎవురు కట్టుకుంటారమ్మా?"

ఏది సరైనదో నాకు మళ్లీ పాలుపోలేదు. ఆయన్నే అడిగాను. "గీస్తుండగా రంగు మార్చమంటే ఏం జేస్తావు మామా?"

"మగ్గమ్మీదైతే ఏం జేసేకైతాది? కాగితమైతే పారేసి మొదట్నుంచి గీస్తా."

అలాగే రాశాను. కొత్త కీ పడగానే పాత గీత ఆపి, మొదటినుంచి గీయాలి. తుడిచే ముందు మాత్రం ఒకసారి అడగాలి.

"తప్పు నాదే మామా, నేను రాసిన తీరులో ఉంది," అని అప్పుడు చెప్పాను.

ఆయన కళ్లద్దాలు తీసి నావైపు చూశాడు. "మరి మిషన్‌ది అంటివే?"

ఆయన మళ్లీ తెర వైపు తిరిగి పనిలో పడ్డాడు. ఆ తర్వాత కూడా ఎప్పుడైనా ఒకసారి తెర ఊరికే ఆగిపోయేది. ఎందుకో ఎంత వెతికినా దొరకలేదు. అట్లాంటప్పుడు "నాకూ తెలీదు మామా" అనేదాన్ని. ఆయన సరేనని కుర్చీ వెనక్కి జరుపుకునేవాడు.