సన్నాయికి చాలినంత ఊపిరి

మొన్న మా నోయిడా ఫ్లాట్‌లో మనవరాలు బడికోసం ఊపిరితిత్తుల నమూనా చేసింది. అడుగు కోసేసిన ప్లాస్టిక్ సీసా, లోపల రెండు బుడగలు, అడుగున బిగించిన రబ్బరు పొర. పొరను కిందికి లాగితే బుడగలు ఉబ్బుతాయి, వదిలితే ముడుచుకుంటాయి. "అమ్మమ్మా, లంగ్స్ ఖుద్ సే నహీ ఫూల్తే," అంది. వాటంతటవి ఉబ్బవట, కండలు లాగాలట. నాకు నవ్వొచ్చింది. నాకు సంతకం దాటి అక్షరం రాదు గానీ, ఈ పాఠం మా ఇంట్లో చాప మీద ఎప్పుడో జరిగింది.

మా ఆయన గుడిలో సన్నాయి వాయించేవారు. పుట్టింది విజయనగరం వైపు, ఊదింది ఢిల్లీలో. ఇక్కడి చలికాలపు పొగకి ఆయన రొమ్ము పట్టేసింది. దాంతో తన బదులు ఊదడానికి మా అమ్మాయిని సాధనకి కూర్చోబెట్టారు. కూర్చోబెట్టడమేమిటి, పడుకోబెట్టారు! పొట్ట మీద కొబ్బరికాయ పెట్టి, "భుజాలెగరేయకమ్మా, కాయని లేపు," అనేవారు. గాలి పీల్చినప్పుడు రొమ్ము అడుగునున్న కండ కిందికి దిగి పొట్టను ముందుకు తోయాలి. పక్కటెముకల మధ్య కండలు వాటిని పైకెత్తి విప్పాలి. లోపల చోటు పెరిగితే గాలి తనే వస్తుంది. ఊదేటప్పుడు ఆ బిగువును ఒక్కసారే వదిలేయకుండా కొంచెం కొంచెంగా వదలాలి. పిల్ల నవ్విందా, కాయ దొర్లి మంచం కిందికి పోయేది. మర్నాడు దాంతోనే పచ్చడి.

ఘాజియాబాద్‌లో ఒక ఆఫీసరుగారింటి పెళ్లికి మా పిల్ల మొదటిసారి ఒంటరిగా ఊదాలి. మా ఆయన శ్రుతిపెట్టె దగ్గర కూర్చున్నారు. "ఆడపిల్ల ఎంతసేపు ఊదుతుందండీ? స్పీకర్ రెడీగా పెట్టండి," అన్నాడు పెళ్లికూతురి మేనమామ, అందరికీ వినపడేలా. ఆ ఆఫీసరుగారే గుడి కమిటీకి పెద్ద, ఆ పూట పిల్ల నిలవకపోతే గుడిలో మా ఆయన కూర్చున్న చోటు మా ఇంటికి దక్కదు. పైగా పెళ్లివారి ఆంటీ ఒకావిడ ముచ్చటపడి, "స్టేజీ మీద బోసిగా ఎలా బేటా?" అంటూ తన వడ్డాణం తెచ్చి దాని నడుముకు బిగించింది.

మొదలెట్టగానే నాదం తెగింది. మళ్లీ తెగింది. పిల్ల భుజాలు ఎగురుతున్నాయి. మేనమామ స్పీకర్ కుర్రాడికి సైగ చేశాడు. మా ఆయన నావైపు చూసి తన పక్కటెముకల మీద తట్టుకున్నారు. అంతే, స్టేజీ ఎక్కి వడ్డాణం కొక్కెం లాగేశాను.

"అయ్యో, ఫొటోలు!" అంది ఆంటీ.

"ఫొటోకి ఊపిరక్కర్లేదమ్మా, సన్నాయికి కావాలి," అన్నాను.

పిల్ల పొట్ట ముందుకొచ్చింది, పక్కలు విచ్చుకున్నాయి. గట్టిమేళం ఎత్తుకుంటే, మూడు ముళ్లూ పడి అక్షింతలు రాలేదాకా సన్నాయి తెగలేదు. "భయ్యా, స్పీకర్ బంద్ కరో," అన్నాడు మేనమామ. అసలది మోగితేగా!

మా ఆయన దగ్గు ఆపుకుంటూ నా చెవిలో, "నా ఊపిరి పొట్టిదైపోయిందనుకున్నానే. అదిగో, అక్కడ పొడుగ్గా సాగుతోంది," అన్నారు.

ఇప్పుడా గుడిలో సన్నాయి మా అమ్మాయిదే. ఏళ్లు మా ఆయన్ని పట్టుకుపోయాయి గానీ, ఆయన కూతురి ఒంట్లో పెట్టి వెళ్లినదాన్ని పట్టుకుపోవడం వాటి వల్ల కాలేదు.