కొత్తగూడ బస్సులో అమ్మ

తెలంగాణ కోసం రాస్తారోకోలు జరుగుతున్న రోజులు. తుంటి ఆపరేషనైన అమ్మతో కొత్తగూడ నుంచి మహబూబాబాద్ వెళ్తున్నాను. సాయానికి మనిషి కోసం ఎంత వెతికినా దొరకక, ఆమెకు అన్నీ నేనే చూస్తున్నాను. మందులు, ఎక్స్‌రేలు, నడుము కింద దిండు, ఏదీ మరచిపోలేదు.

అడవి మధ్యలో తండా ఆడవాళ్లు రోడ్డు మీద బైఠాయించి బస్సు ఆపారు. ముందుకూ వెనక్కూ దారి లేదు. మధ్యాహ్నానికి అమ్మ ముఖం బిగుసుకుపోయింది. ఎన్నిసార్లు అడిగినా ఏం లేదంది.

కింద కూర్చున్నవాళ్లలో ఒకామె కిటికీలోంచి అమ్మను చూసి, లేచి లోపలికొచ్చింది.

"అవ్వ ఒంటికి పోకుండ ఆపుకుంటున్నది. కొడుకుకు ఎట్ల చెప్తది? జర పక్కకు జరుగు తమ్మీ!"

మరో ఇద్దరిని పిలిచింది. ముగ్గురూ అమ్మను ఎత్తుకుని చెట్ల చాటుకు తీసుకుపోయారు. ఆమె తమ భాషలో ఏదో అంటే అక్కడ నవ్వులు వినపడ్డాయి. అందులో అమ్మ నవ్వు కూడా ఉంది.

అమ్మను తెచ్చి సీట్లో కూర్చోబెట్టి, ఆమె మళ్లీ బస్సు ముందు కూర్చుంది.

"అక్కా, జర మా బస్సును ఇడువరాదు?" అని కిటికీలోంచి అడగబోయాను. అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"కూసోనియ్యిరా. వాళ్లు లేస్తే, మల్ల నాకు నువ్వొక్కనివే గద."